మా పాప మొదటి పుట్టినరోజు ఫొటోలు రెండోసారికి కుదిరాయి

డిసెంబర్ 20, శనివారం సాయంత్రం. రాజమండ్రిలో ఒక స్టూడియో మెట్లు దిగుతున్నాం. భుజం మీద పాప ఇంకా వెక్కుతూనే ఉంది. వెనకాల మా ఆయన రెండు సంచుల బట్టలు మోసుకొస్తున్నారు. నాలుగు జతలు తీసుకెళ్తే ఒక్క జతే వేయగలిగాం. గంటంబావు సేపు ఎంత ప్రయత్నించినా పాప ఏడవకుండా ఉన్న ఫొటో ఒక్కటీ రాలేదు. ఆటో ఎక్కిన రెండు నిమిషాలకే నా ఒళ్లో నిద్రపోయింది. అప్పటిదాకా నాకు స్టూడియో వాళ్ల మీద కోపంగా ఉంది. ఆ నిద్రమొహం చూశాక మాత్రం గుండె కలుక్కుమంది. ఆ రోజు మధ్యాహ్నం అది పడుకునే వేళలో నలుగు పెట్టి, తలంటి, తయారుచేస్తూ కూర్చున్నాను. నిద్రలేని పిల్లని తీసుకెళ్లి నవ్వమంటే ఎలా నవ్వుతుంది?

పాప 2025 జనవరి 18న పుట్టింది. మొదటి పుట్టినరోజు ఆదివారం వచ్చింది కాబట్టి తిథి ప్రకారం చేయాలా, తేదీ ప్రకారం చేయాలా అన్న చర్చ మా ఇంట్లో తొందరగానే తేలిపోయింది. తిథి రోజున గుళ్లో పూజ, ఆదివారం ఫంక్షన్ హాల్లో భోజనాలు. ఫొటోలు ముందుగా ఎందుకంటే, హాలు గేటు దగ్గర ఫ్లెక్సీకి ఒకటి కావాలి. లోపల స్క్రీన్ మీద నెలనెలా మేం ఫోన్లో తీసుకున్న ఫొటోల చివర వేయడానికి ఇంకొన్ని కావాలి. సంక్రాంతి మూడు రోజులూ షాపు మూసేస్తామనీ, పదో తారీఖు లోపల ఫొటో పంపితేనే పని అవుతుందనీ ఫ్లెక్సీ కొట్టు అబ్బాయి ముందే చెప్పేశాడు. అంటే మాకు మిగిలింది మూడు వారాలు.

స్టూడియోలో ఏం జరిగిందో రాస్తాను, ఇంకొకరికి పనికొస్తుంది. గది చల్లగా ఉంది. నేల మీద థర్మకోల్ అక్షరాలు, బెలూన్లు, ప్లాస్టిక్ పూలు పేర్చి ఉన్నాయి. పాప వెళ్లీ వెళ్లగానే ఒక థర్మకోల్ అక్షరం అంచు కొరికేసింది. నేను నోట్లో వేలు పెట్టి ఆ ముక్క తీశాను. అక్కడి నుంచే ఏడుపు మొదలైంది. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా ఉలిక్కిపడేది. ఇద్దరు కుర్రాళ్లు అటూ ఇటూ నిలబడి గిలక్కాయలు ఆడించారు, పాపం వాళ్లు చేయగలిగింది చేశారు. కానీ తొమ్మిదో నెల దాటినప్పటి నుంచి మా పాప కొత్త చేస్తోంది. తెలియని మొహం దగ్గరికొస్తే నా మెడ పట్టుకుని వదలదు. అలాంటిదాన్ని ఒక్కసారిగా ముగ్గురు కొత్తవాళ్ల మధ్య కూర్చోబెట్టాం.

ఇంకొకటి కూడా జరిగింది. నవంబర్ చివరి వారంలో, పదకొండో నెలలో, ద్వారకా తిరుమలలో పాపకి పుట్టు వెంట్రుకలు తీయించాం. మా అత్తగారింట్లో పిల్లలందరికీ చిన్న తిరుపతిలోనే తీయిస్తారు. డిసెంబర్ నాటికి తలంతా నల్లటి నూగులా ఉంది. స్టూడియోలో ఆ గుండు కనిపించకుండా పెద్ద పువ్వున్న ఎలాస్టిక్ బ్యాండు పెట్టారు. అది తీసేసరికి నుదుటి మీద ఎర్రటి గీత పడి ఉంది. ఇంటికొచ్చి కొబ్బరినూనె రాస్తుంటే మా అత్తయ్యగారు ఒకే మాటన్నారు: "స్వామికి ఇచ్చిన జుట్టమ్మా అది. దాచుకోవడం ఎందుకు?" ఆ రాత్రే నేనూ మా ఆయనా అనుకున్నాం, రెండోసారి ఇంట్లోనే తీయిద్దామని, గుండు గుండులాగే కనిపించాలని.

మా పెద్దమ్మ కూతురి పెళ్లికి ఫొటోలు తీసిన తమ్ముడు ఒకతను ఉన్నాడు. ఫోన్ చేస్తే జనవరి 8, గురువారం ఖాళీగా ఉందన్నాడు. మంగళవారం కాదు కాబట్టి అత్తయ్యగారు కూడా సరేనన్నారు. అతను అడిగిన మొదటి ప్రశ్న నాకు చాలా నచ్చింది. "పాప పొద్దున్న ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తుందక్కా?"

నాకు సరిగ్గా తెలియలేదు. ఏడాదిగా చూసుకుంటున్న పిల్ల, అయినా తెలియలేదు. ఆ రోజు నుంచి గ్యాస్ బుకింగ్ నంబర్లు రాసుకునే క్యాలెండర్ మీదే రాయడం మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి లెక్క తేలింది. పొద్దున తొమ్మిదిన్నరకి కళ్లు నలుపుకుంటుంది, పదీ నలభైకి లేస్తుంది. మధ్యాహ్నం ఒకటిన్నరకి మళ్లీ నిద్ర. పొద్దున లేచాక పాలు తాగి, కొంచెం తిని, పదకొండుంబావు నుంచి పన్నెండు దాకా ఇల్లంతా తిరుగుతూ కేరింతలు కొడుతుంది. రోజు మొత్తంలో దాని మంచి వేళ ఆ ముప్పావు గంటే. ఫొటోలు ఆ ముప్పావు గంటలోనే అనుకున్నాం. నాలుగు జతలు రెండుకి తగ్గాయి, ఎందుకంటే బట్టలు మార్చిన ప్రతిసారీ ఐదు నిమిషాలు ఏడుపుకి పోతాయి.

బట్టల సంగతి కొంచెం ఎక్కువే రాస్తాను. స్టూడియోకి వేసిన గౌను షాపులో కొన్నది. గుచ్చుకునే నెట్టు, వీపున జిప్పు. ఈసారి మా అత్తయ్యగారు తన ఉప్పాడ చీర ఒకటి బీరువాలోంచి తీసి ఇచ్చారు. మా ఆయన అన్నప్రాసన నాడు కట్టుకున్న చీరట. కొంగు దగ్గర మడతల్లో చిరిగిపోతోంది, కానీ మిగతా గుడ్డ ఎన్నో ఉతుకులు చూసి వెన్నలా ఉంది. జాందానీ నేత కాబట్టి వెనకవైపు కూడా పువ్వు పువ్వులాగే ఉంది, దారాలు వేలాడి పిల్ల వేళ్లకి చుట్టుకునే భయం లేదు. దాంతో మా వీధి చివర టైలరమ్మ పావడా, జాకెట్టు కుట్టింది. నేను అడిగినవి మూడు: లోపల మెత్తటి మల్లు గుడ్డ లైనింగ్ వేయాలి, నడుం దగ్గర బిగించే బొందు బదులు వదులుగా ఎలాస్టిక్ పెట్టాలి, పొడవు చీలమండకి రెండు వేళ్లు పైకే ఉండాలి. అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది, అంచు తొక్కితే ముందుకి పడుతుంది. జరీ అంచు చంకల దగ్గర తగలకుండా ఆవిడే ఆలోచించి జాకెట్టు చేతులకి అంచు వేయలేదు.

కుట్టించి బీరువాలో దాచలేదు. మూడు రోజులు, రోజూ పావుగంట, వేసి ఆడుకోనిచ్చాం. మొదటిరోజు జాకెట్టు లాగి లాగి ఏడ్చింది. మూడో రోజుకి పావడా కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని ఊపుకుంటూ కూర్చుంది. వెండి పట్టీలు కూడా అలాగే ముందే అలవాటు చేశాం. సీల ఊడొస్తే నోట్లో పెట్టుకుంటుందని మా ఆయన దాన్ని కంసాలి దగ్గరికి తీసుకెళ్లి గట్టిగా బిగించుకొచ్చారు. గాజులు వద్దనుకున్నాం. మొలతాడు, నల్లపూసలు ఎలాగూ ఉన్నాయి. రెండో జత మామూలు తెల్ల కాటన్ చొక్కా, అంతే.

ఒంటి గురించి మా ఇంట్లో కొంచెం మాటా మాటా అనుకున్నాం. ఫొటో రోజున నలుగు పెట్టి, సాంబ్రాణి వేస్తే పిల్ల నిగనిగలాడుతుందని మా అమ్మ. పిల్లల డాక్టరుగారు చలికాలం దగ్గు తగ్గేదాకా పొగ దగ్గరికి రానివ్వొద్దన్నారు. నలుగు రుద్దితే పాప ఒంటి మీద ఎర్రగా దద్దుర్లు లేచి ఒకటి రెండు రోజులుంటాయి, అది నాకు ముందే తెలుసు. అందుకని నాలుగు రోజుల ముందు మెత్తటి పెసరపిండితో తేలిగ్గా ఒకసారి రాసి వదిలేశాం. ఆ రోజు పొద్దున గోరువెచ్చటి నీళ్లతో ఒట్టి స్నానమే. నూనె మర్దన ముందురోజు రాత్రే అయిపోయింది, నూనె ఒళ్లు ఫొటోలో జిడ్డుగా మెరుస్తుందని తమ్ముడు చెప్పాడు. గోళ్లు నిద్రలో తీశాను. పళ్లొస్తూ కారే చొంగకి గడ్డం కింద ఎర్రబడింది. వారం రోజులు గంట గంటకీ మెత్తటి గుడ్డతో అద్ది, కొంచెం వాజెలీన్ రాస్తే తగ్గింది. కంట్లో కాటుక పెట్టలేదు. డాక్టరుగారు చిన్నప్పటి నుంచీ వద్దనే చెప్తున్నారు, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుందని. కానీ దిష్టిచుక్క మానలేదు. బుగ్గ మీద ఒకటి, అరికాల్లో ఒకటి.

టీకాల కార్డు కూడా చూసుకున్నాను. టీకా వేయించాక రెండు రోజులు మా పాపకి ఒళ్లు వెచ్చబడుతుంది. తర్వాత వేయించాల్సింది ఏడాది నిండాకే అని డాక్టరుగారు చెప్పాక ఆ టెన్షన్ పోయింది.

కేకు గురించి చాలా ఆలోచించాను. పాప కేకుని చేత్తో పిసికి మొహానికి పూసుకునే ఫొటోలు ఇప్పుడు అందరూ తీయిస్తున్నారు, నాకూ చాలా ఇష్టం. కానీ బేకరీ కేకు నిండా చక్కెర, రంగులు. రెండేళ్లు వచ్చేదాకా చక్కెర వేసినవి పెట్టొద్దని పిల్లల డాక్టర్లు చెప్తారు. ఇంట్లోనే చేశాను. మిగల పండిన చక్రకేళి పళ్లు రెండు, నానబెట్టి మెత్తగా రుబ్బిన ఖర్జూరాలు, రాగిపిండి, కొంచెం గోధుమపిండి, నెయ్యి, ఒక గుడ్డు. ఇవన్నీ పాపకి అంతకుముందే విడివిడిగా అలవాటైనవి. కుక్కర్లో ఇసుక పోసి, విజిల్ తీసేసి, సన్నటి మంట మీద నలభై నిమిషాలు ఉడికించాను. పైన క్రీము బదులు గుడ్డలో కట్టి రాత్రంతా నీళ్లు ఓడ్చిన గట్టి పెరుగు రాశాను. తీపి చాలదేమో, తేనె వేయమని పక్కింటి పిన్నిగారు అన్నారు. ఏడాది నిండకుండా తేనె అసలు వేయకూడదు. తేనెలో ఉండే ఒకరకం బ్యాక్టీరియా చంటిపిల్లల పేగుల్లో పెరిగి విషం పుట్టిస్తుంది, పెద్దవాళ్లకి ఏమీ కాదు. ఈ మాట నేను డాక్టరు దగ్గర విన్నాను కాబట్టి గట్టిగానే చెప్పాను. పిన్నిగారు నొచ్చుకోలేదు, తన మనవడికి కూడా మానిపిస్తానన్నారు. మొదటి కేకు ఎండిపోయి బీటలిచ్చింది, పిల్లలకి పంచేశాను. రెండోది ఫొటోకి ముందురోజు సాయంత్రం చేశాను.

మనుషుల అలవాటు కూడా ముఖ్యమే. తమ్ముడు అయిదో తారీఖు సోమవారం ఒకసారి ఊరికే వచ్చాడు. కెమెరా బ్యాగులోనే ఉంది. పాప వైపు చూడకుండా మా నాన్నగారితో కబుర్లు చెప్తూ నేల మీద కూర్చుని టీ తాగాడు. పదిహేను నిమిషాలకి పాపే పాక్కుంటూ వెళ్లి అతని వాచీ పట్టుకుంది. వెళ్లేముందు కెమెరా తీసి నేల మీద పెట్టి తాకనిచ్చాడు, రెండుసార్లు క్లిక్ శబ్దం వినిపించాడు. ఆ పావుగంట వల్లే మిగతాదంతా కుదిరిందని నా నమ్మకం. పిల్లల ఫొటోలు తీయించుకునేవాళ్లు ఎవరడిగినా ముందుగా ఇదే చెప్తున్నాను: ఫొటోగ్రాఫర్ని ముందు ఒకసారి ఫొటోలేం తీయకుండా ఊరికే రమ్మనండి.

గది మా పడగ్గదే. ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది, నేరుగా ఎండ పడదు. అయినా ఎదురింటి తెల్లగోడ మీద నుంచి కొట్టే వెలుగు గట్టిగా ఉందని, పల్చటి తెల్లగుడ్డ ఏదైనా అడ్డం కట్టమన్నాడు. మా నాన్నగారు తన పంచె తెచ్చారు. మేకులు కొట్టడానికి వీల్లేక, కిటికీ బయట వరండాలో నిలబడి ఆయనే రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంటానన్నారు. బెలూన్లు వద్దన్నాను. పగిలితే పాప దడుచుకుంటుంది, ముక్కలు గొంతుకి అడ్డం పడతాయి. వాటి బదులు కడియపులంక పూల మార్కెట్ నుంచి మా ఆయన రెండు కిలోల బంతిపూలు తెచ్చారు. పండగ రోజులు కదా, మార్కెట్టంతా పసుపూ నారింజే అట. పూల మీద మందులు కొడతారని రెండుసార్లు నీళ్లలో ముంచి ఆరబెట్టి, దండలు గుచ్చి పాప చేతికందని ఎత్తులో మంచం వెనక కట్టాం.

ఎనిమిదో తారీఖు. పాప లెక్క ప్రకారం తొమ్మిదిన్నరకి పడుకోవాలి, పడుకోలేదు. వీధిలో హరిదాసు వచ్చాడు, ఆ చిడతల శబ్దానికి కళ్లు పెద్దవి చేసుకుని కిటికీ దగ్గర నిలబడింది. నాకు చెమటలు పట్టాయి. తమ్ముడికి ఫోన్ చేసి గంట ఆలస్యంగా రమ్మన్నాను. సరే అక్కా అన్నాడు, ఒక్క మాట ఎక్కువ అనలేదు. పదింబావుకి పడుకుంది, పదకొండున్నరకి తనంతట తనే లేచింది. లేపకూడదని ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచాను. లేచాక పాలు పట్టి, నాలుగు ముద్దలు పప్పన్నం మాత్రమే పెట్టాను. కడుపు నిండా పెడితే నడుం దగ్గర ఇబ్బంది, అసలు పెట్టకపోతే ఏడుపు. అన్నం తినేటప్పుడు పాత చొక్కా వేసి, చివర్లో పావడా కట్టాను.

గదిలో నేను, తమ్ముడు, మా అమ్మ, అంతే. మిగతావాళ్లని రావద్దన్నాం. మా ఆయన గుమ్మం బయట నిలబడి తొంగిచూసి మాయమవుతూ దాగుడుమూతలు ఆడించారు, అందుకే పాప చూపంతా ఒకేవైపు ఉంది. తమ్ముడు ఫ్లాష్ వేయలేదు, పొడవాటి లెన్సుతో దూరంగా గోడకి ఆనుకుని నేల మీద బోర్లా పడుకుని తీశాడు. కెమెరా పాప కళ్ల ఎత్తులో ఉండాలట. మొదటి పది నిమిషాలు పాప నవ్వలేదు. పట్టీ గలగలలాడించుకుంటూ, పావడా మీది పువ్వుని వేలితో పొడుస్తూ చాలా శ్రద్ధగా కూర్చుంది. నవ్వించాలని నేను చప్పట్లు కొట్టబోతే తమ్ముడు చెయ్యి అడ్డంపెట్టి వద్దన్నాడు. ఇప్పుడు చూస్తే నాకు అన్నింటికంటే ఇష్టమైనవి ఆ పది నిమిషాల ఫొటోలే. ఏడాది పిల్ల ఏదైనా కొత్తది చూసేటప్పుడు మొహం ఎలా ఉంటుందో అందులో ఉంది, కింది పెదవి కొంచెం బయటికి వచ్చి.

కేకు ముందు పెట్టాక పిసుకుతుందనుకున్నాం. ఒక్క వేలు పెట్టి పెరుగు నాకి, ఆ వేలే మా అమ్మ నోటికి అందించింది. మా అమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండోసారి ఇంకాస్త తీసి నాకు పెట్టింది. కేకు పగలకొట్టలేదు, మొహానికి పూసుకోలేదు. అందరికీ పెడుతూ కూర్చుంది. ముప్పై ఐదు నిమిషాలు అయ్యేసరికి కళ్లు నలుపుకుంది, ఇక చాలన్నాను. రెండో జత పెద్దగా వాడనేలేదు.

ఆ సాయంత్రం అత్తయ్యగారు ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసి దిష్టి తీశారు.

రెండు రోజుల్లో ఫొటోలు వచ్చాయి. తమ్ముడు చాలా శ్రద్ధగా సరిచేసి పంపాడు. బుగ్గ మీద దిష్టిచుక్క లేదు. నవంబర్లో మంచం కోడు తగిలి నుదుటి మీద పడ్డ చిన్న గాటు లేదు. గడ్డం కింద మిగిలిన ఎరుపు కూడా లేదు. చాలా అందంగా ఉంది, కానీ మా పాపలా లేదు. అతనికి ఫోన్ చేసి, ముక్కు దగ్గర దోమకాటు ఒక్కటి తీసేసి మిగతావన్నీ ఉండనివ్వమన్నాను. ఆ గాటు పడ్డ రోజు రాత్రంతా దాన్ని ఎత్తుకుని తిరిగాను, అది నాకు ఫొటోలో కావాలి. అతను వెంటనే మార్చి పంపాడు. ఫ్లెక్సీకి వెళ్లింది అదే. నల్లటి నూగు తల, రెండు కింది పళ్లు, బుగ్గన చుక్క, ఉప్పాడ పావడా. హాలు గేటు దగ్గర అత్తయ్యగారు వచ్చినవాళ్లందరికీ పాపని కాకుండా ముందు ఆ చీరనే చూపించారు.

చివరగా పంపిన ఫోల్డర్లో ఒక ఫొటో పక్కన తమ్ముడు "ఇది పనికిరాదేమో అక్కా, వెనక నీడ పడింది" అని రాశాడు. తెరిచి చూశాను. పాప పక్కకి తిరిగి కిటికీ వైపు చెయ్యి చాపింది. తెల్ల పంచె వెనకాల, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ మనిషి నీడ. ముప్పై ఐదు నిమిషాలు ఒక్కసారి కూడా చేతులు దించని మా నాన్నగారు. ఆ రోజు తీసిన మిగతా ఏ ఫొటోలోనూ ఆయన లేరు. దాన్నే పెద్దది చేయించి మా అమ్మావాళ్లింట్లో హాల్లో పెట్టాం. పాప అక్కడికి వెళ్లినప్పుడల్లా తన బొమ్మని కాకుండా ఆ నీడని వేలితో చూపించి "తా" అంటోంది. తాతని అది అలాగే పిలుస్తుంది.